స్పెయిన్ స్ట్రైకర్‌కు పడ్డ ఓట్లు

ఆ నాలుగు పేర్లు నా వల్లే పోయాయి. ఈ మాట అప్పుడే వాట్సాప్ గ్రూపులో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం వారాంతాల్లో ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్లం. మైదానాలు మూసేశారు, టీవీలో మ్యాచ్‌లూ లేవు. తోచక, మా కాలంలో ఆడి రిటైరైన స్ట్రైకర్లలో జనానికి ఎవరంటే ఎక్కువ ఇష్టమో తేల్చుకుందామని గ్రూపులో ఓటింగ్ పెట్టుకున్నాం. పద్ధతి మామూలే: ముందువాళ్లు పెట్టిన లిస్టును కాపీ చేసి, నచ్చిన ఆటగాడి కింద మన పేరు చేర్చి మళ్లీ పోస్ట్ చేయడం.

నా ఓటు బ్రెజిల్ ఆటగాడికి. ఆఫీసులు మూయకముందు రోజూ నాతో ఎస్-బాన్ రైల్లో వచ్చే హైదరాబాద్ మిత్రుడు స్పెయిన్ స్ట్రైకర్ అభిమాని. "కప్పులు మీవోడికి, దిల్ మావోడికి అన్నా" అనేవాడు.

స్పెయిన్ కింద పేర్లు పెరిగేకొద్దీ నాకు అనుమానం పట్టుకుంది. గ్రూపులో ఎన్నడూ నోరు విప్పని కొలోన్ నగరానికి మారిపోయినవాళ్లు ముగ్గురు ఒకేసారి ఎలా ఊడిపడ్డారు? అందరూ నా మిత్రుడి వైపే ఎందుకు? ఎవరిదో ఓటు చేర్చి అతను పోస్ట్ పెట్టిన ప్రతిసారీ పేర్లు లెక్కపెట్టేవాణ్ని. ఒక సాయంత్రం అతను పెట్టిన లిస్టులో బ్రెజిల్ కింద నాలుగు పేర్లు లేవు.

"పేర్లు ఎందుకు తీసేశావ్?" అని గ్రూపులోనే అడిగాను.

"నేనెందుకు తీస్తా అన్నా? పైనున్న లిస్టే కాపీ కొట్టిన."

"బూత్ క్యాప్చరింగా భాయ్?" అని ఇంకొకడు ఎగతాళి చేశాడు.

"మీవాళ్లను నమ్మితే ఇంతే" అని రాశాను.

నా మిత్రుడు ముస్లిం. ముస్లింలే జబ్బు అంటిస్తున్నారన్న ఫార్వర్డ్‌లు ఆ రోజుల్లో అదే గ్రూపులో తిరిగేవి. 'మీవాళ్లు' అన్నది స్పెయిన్ అభిమానులనేనని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతను ఆ రాత్రే గ్రూపు వదిలేశాడు.

వారం తర్వాత పాత మెసేజీలు వెనక్కి జరిపి చూశాను. అతని లిస్టుకు ముందున్నది నాదే. ఆట ఓనమాలు తెలియని మా ఆవిడ పేరు కూడా కలుపుదామని, పొద్దుటి పాత లిస్టును కాపీ చేశాను. మధ్యలో చేరిన నలుగురూ అందులో లేరు. పోయినవి మా ఓట్లే కాబట్టి నన్నెవరూ అనుమానించలేదు. నేనూ నోరు మెదపలేదు.

ఆఫీసులు తెరిచాక అదే ప్లాట్‌ఫారం మీద, మాస్కుతో, దూరంగా నిలబడేవాడు. వేరే పెట్టె ఎక్కేవాడు. ఏడాది అలాగే గడిచింది. చివరికి గ్రూపులో జరిగింది జరిగినట్టు రాసి, మర్నాడు అతని పెట్టె ఎక్కాను. ఆ మాటే చెప్పాను.

"ఓట్ల సంగతి ఎప్పుడో మర్చిపోయిన అన్నా" అన్నాడు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"లిస్టు పొరపాటు. 'మీవాళ్లు' అన్నది పొరపాటు కాదు. నిన్ను నొప్పించాలనే అన్నాను. తప్పు చేశాను, క్షమించు."