గోడవార మేకులు

ఇళ్ళలో చెక్క నేలలు పరిచే మేస్త్రికి పనిలో ఎదురులేదని పేరు. గది మధ్యలో మెషీన్‌తో పలకలు బిగించుకుంటూ పోతుంటే చూడముచ్చటగా ఉండేది. చిక్కంతా గోడవారనే. అక్కడ మెషీన్ పట్టదు, మేకులు చేత్తో కొట్టాలి. ఆఖరి దెబ్బ చెక్కకు తగిలితే సొట్ట పడుతుంది. అందుకే మేకు తల కాస్త పైకి ఉండగానే ఆపి, దాని మీద పెన్సిలంత ఉక్కు పంచ్ నిలబెట్టి, ఆ పంచ్ మీద కొట్టాలి. తల లోపలికి దిగిపోయాక గుంటలో లప్పం నింపితే మేకు జాడే ఉండదు.

మోకాళ్ళు మొరాయించాక మేస్త్రి ఆ పని భార్యకు నేర్పాడు. తానే నేర్పానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఆమెది అంతకుముందు కాజాలు కుట్టిన చెయ్యి. పంచ్ ఇట్టే లొంగిపోయింది.

ఒకసారి డాన్సు నేర్పే టీచరమ్మ హాల్లో నేల పరిచారు. ఆవిడ చెప్పులు విప్పి గోడ వెంబడే నడిచి, వంగి అరచేత్తో తడిమింది.

“ఇక్కడ అసలు మేకులు కొట్టారా? చేతికి తగలట్లేదే! ఎవరు చేశారు?”

మేస్త్రి నవ్వుతూ ముందుకు రాబోయాడు. “నేనేనండీ” అంది భార్య వెనకనుంచి.

టీచరమ్మ ఆమె లప్పం చేతుల్నే పట్టుకుని మెచ్చుకుంది. హాలంతా పరిచినవాడి వంక చూడనైనా లేదు.

ఆ పూట మేస్త్రికి అన్నం సహించలేదు. ఆపైన ఏ ఫోనొచ్చినా “మీ ఆవిడ కూడా వస్తారుగా?” అనే మాటే. పుండు మీద కారం చల్లినట్టుండేది.

“ఏకై వచ్చి మేకై కూర్చుంది” అని గొణిగాడోసారి.

“మేకునైతే ఏముందిలే, కనబడకుండా దిగిపోతా” అని నవ్వింది ఆమె. అతనికి నవ్వు రాలేదు.

తర్వాతి ఇంటికి ఆమెను రావద్దన్నాడు. “చిన్న పనే, నేను చాలు.” గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లోపల కుతకుత ఉడికిపోతూ కొట్టాడు. పంచ్ పక్కకు వాలి జారింది. సుత్తి పలకకు తగిలి నెలవంకలా సొట్ట పడింది.

సాయంత్రం ఇంటాయన వచ్చి చూశాడు. “ఇదేంటి మేస్త్రీ, గుమ్మంలోనే?”

“మా ఆవిడ కొట్టిందండీ. చెయ్యి ఇంకా కుదరలేదు.”

అనేశాక సిగ్గేమీ వెయ్యలేదు. గుండెలో చల్లగా అనిపించింది.

ఇంటాయన ఊరుకోలేదు, వచ్చి బాగుచెయ్యమని ఆమెకే ఫోన్ చేశాడు. మర్నాడు ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి.

“అవునండీ, నా చెయ్యే జారింది” అంది ఆమె, మొగుడి వైపు చూడకుండా. “ఇస్త్రీపెట్టె ఉంటే ఇస్తారా?”

పాలిష్ ఇంకా వెయ్యలేదు కాబట్టి సరిపోయింది. తడిగుడ్డ పరిచి, వేడి పెట్టె ఆనించి, ఆవిరికి చెక్క ఉబ్బేదాకా ఓపిగ్గా అద్దింది. ఆరాక గరుకు కాగితంతో రుద్దింది.

ఇంటాయన తడిమి చూసి, “ఎక్కడ పడిందో తెలియట్లేదమ్మా!” అన్నాడు.

తన తప్పు కూడా ఆమెకు మెప్పయి కూర్చుంది. మేస్త్రి పళ్ళు కొరుక్కున్నాడు.

దారిలో ఆమె ఆగింది. “ఇంకోసారి నా పేరు పెట్టాలనుకుంటే, కాస్త నా పనిలా చేసి పెట్టు.”

“పొరపాటైపోయిందే.”

“పొరపాటు కాదు, కుళ్ళు. నాకు తెలీదనుకున్నావా?”

“అవునే. నిన్ను మెచ్చుకుంటుంటే వినలేకపోతున్నా” అన్నాడు అతను.

“వినకు మరి, చెవులు మూసుకో. గోడవార పని మాత్రం ఇక నాది. అక్కడ నువ్వు చెయ్యి పెట్టకు.”

అతను ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఇద్దరూ కలిసే పనికి వెళతారు. ఎవరైనా గోడ పక్కన వంగి నేల తడమబోతే చాలు, మేస్త్రి గది అవతలి చివరనుంచి గొంతు పెంచి, కలప ఎంత గట్టిదో చెప్పడం మొదలుపెడతాడు.