ఒకే పైపు

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టి, ఉర్హో వంటింటి సింకు కిందికి చెయ్యి దూర్చి పైపులు తడిమి చూస్తాడు. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున చలికాలం గడవాలంటే నీళ్లు గడ్డకట్టకుండా చూసుకోవడమే సగం పని.

ఒక ఏడు మొదటి మంచు పడ్డప్పుడు భార్య ఐలీ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక, కోలుకునేదాకా ఊళ్లోని వృద్ధుల ఆశ్రమంలో ఉంచారు. ఇంట్లో స్నానాల గది మేడ మీద ఉంది. కింద ఒకటి అమరిస్తే పంపిస్తామన్నాడు డాక్టరు.

ఐలీ తమ్ముడు రెయ్నో ప్లంబరు. "ఒక్కపూట పని బావా. మూలల్లో ఎల్బో ముక్కలు పెట్టి అతికేస్తే సరి," అన్నాడు.

"అతుకున్నచోటల్లా కారుతుంది. నా ఇంటి పని నేను చేసుకోలేనా?"

అక్కడి మగవాళ్లకు ఇంటిపనికి ఇంకొకరిని పిలవడమంటే తలవంపులే. బేస్‌మెంట్ నుంచి కొత్త స్నానాల గది కుళాయి దాకా అతుకు లేకుండా ఒకే పైపు లాగాలని ఉర్హో పంతం. చలికి ప్లాస్టిక్ పైపు బిర్రబిగిసింది. మూల దగ్గర వంచబోతే నలిగి, తెల్లగా మడతపడింది.

"వేడిగాలి పట్టించు, అదే సర్దుకుంటుంది," అన్నాడు రెయ్నో.

ఉర్హో వినలేదు. మొత్తం పీకేసి కొత్త చుట్ట తెచ్చాడు. దాన్ని పొయ్యి పక్కన వెచ్చబెట్టి, మోకాలికి ఆనించి, కొంచెం కొంచెంగా వంచడం మొదలుపెట్టాడు.

ఐలీ రోజూ ఫోన్ చేసేది.

"ముసలాడా, కారితే కింద గిన్నె పెడదాం. నన్ను తీసుకుపో."

"ఇంకొక్క వంపే, ఐలీ."

"నిన్నా అదే కూశావు. ఈ కాఫీ తాగలేక చస్తున్నాను."

ఉర్హో నవ్వాడు. ఆ వారమే ఆమెకు నిమోనియా పట్టింది. చివరి వంపు గోడలోకి చేరేలోపే పోయింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఉర్హో బేస్‌మెంట్‌లోకి దిగాడు. మిగిలిన పైపు బిగించి నీళ్లు వదిలాడు. పొడి కాగితం ఆనిస్తూ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. కాగితం తడవలేదు.

"మంచి పని, బావా," అన్నాడు వెనకే వచ్చిన రెయ్నో.

"నువ్వు చేసుంటే మీ అక్క ఇంటికొచ్చేదిరా."



ఉర్హో ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. శనివారాలు మాత్రం రెయ్నో ఇంటికి వెళ్లి, అక్కడి సౌనా ఆవిరిగదిలో స్నానం చేసి, అక్కడే తిని వస్తాడు.