నూనె బాబాయి ఇంట్లో ప్రింటరు

మా కింది వాటాలో ఉండే ఆయనకు అసలు పేరు ఒకటి ఉంది. నెలనెలా కరెంటు బిల్లు మీద అచ్చయి వస్తుంది కూడా. కానీ వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. ఆయన నూనె బాబాయి, ఆయన భార్య పిన్ని. అంతే.

బాబాయి ఉద్యోగమంతా బట్టల మిల్లులోనే గడిచింది. మగ్గాల హాలులో యంత్రాలకు నూనె పోయడం ఆయన పని. ఆ హాలులో పక్కవాడు ఏమంటున్నాడో తెలియాలంటే వాడి పెదాలు చూడాల్సిందేనట. తోటివాళ్ళలో చాలామందికి చెవులు పోయాయి. బాబాయి మాత్రం చేరిన రోజునే చెవుల్లో దూది పెట్టుకున్నాడు. బట్టల మిల్లులో దూదికి కరువా? అలా చెవులు దక్కించుకుని రిటైరయ్యాడు. ఇంటికొచ్చి దూది తీశాక గానీ ఇంట్లో ఎన్ని చప్పుళ్ళున్నాయో ఆయనకు తెలియలేదు.

తలుపు కిర్రుమనేది. ఫ్యాను టిక్కుటిక్కుమనేది. బీరువా, కుట్టుమిషను, స్నానాలగది గడియ, దేని గోల దానిదే. బాబాయి పొడుగు ముక్కున్న నూనెడబ్బా ఒకటి పుచ్చుకుని ఒక్కొక్కదాని నోరు మూయించాడు. ఇల్లు అయిపోయాక వీధి మీద పడ్డాడు. మా గేటు, ఎదురింటివాళ్ళ ఉయ్యాల, సందు చివర సైకిళ్ళు, అడిగినవాళ్ళవీ అడగనివాళ్ళవీ అన్నీ అయ్యాయి. "అరిచేది ఏదైనా ఆకలేసే అరుస్తుంది" అనేవాడు. మిల్లులో మేస్త్రీ నేర్పిన పాఠమట.

దీనివల్ల పిన్నికి ఒకటే ఇబ్బంది. తలుపులకు చప్పుడు లేకపోవడంతో ఆయన ఏ గదిలోంచి వచ్చి ఎప్పుడు వెనకాల నిలబడతాడో తెలిసేది కాదు. ఆ ఇంట్లో పగిలిన కప్పులన్నీ ఆవిడ అలా ఉలిక్కిపడి జారవిడిచినవే.

పిన్ని ప్రూఫులు దిద్దుతుంది. పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ ఒకటి ఆవిడకు పేజీలు కంప్యూటరులో పంపుతుంది. తెర మీద తప్పులు దాక్కుంటాయనీ, కాగితం మీదైతే వాటంతటవే పైకి తేలతాయనీ ఆవిడ నమ్మకం. అందుకని సిరాతో అచ్చువేసే చిన్న ప్రింటరు ఒకటి కొనుక్కుంది. కొన్నరోజే బాబాయికి చెప్పేసింది.

"ఇది నా పని వస్తువు. మీరు దీని జోలికి రాకండి."

"నాకేం పని దాంతో?" అన్నాడు బాబాయి. చాలాకాలం ఆ మాట మీద నిలబడ్డాడు కూడా.

ఒకరోజు పొద్దున్నే పిన్ని పేజీలు తీయబోతే ప్రింటరు కాగితం లాక్కునేటప్పుడల్లా టక్, టక్, కిర్ర్ మనడం మొదలుపెట్టింది. వరండాలో ఉన్న బాబాయి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమిటా చప్పుడు?"

"ప్రింటరండీ."

"నిన్న అలా అరవలేదే?"

"ఇవాళ అరుస్తోంది. నేను వచ్చి చూసుకుంటాను, మీరు ముట్టుకోకండి" అని పిన్ని దిద్దిన కాగితాలు సంచిలో పెట్టుకుని ప్రచురణ సంస్థ ఆఫీసుకు వెళ్ళింది.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. బాబాయి ఊరుకునే ప్రయత్నం చేశాడట. పేపరు తిరగేశాడు. గోళ్ళు తీసుకున్నాడు. చప్పుడు లేకపోయినా, ఆ చప్పుడు చేసే వస్తువు లోపల ఉందన్న సంగతి ఆయన్ని కూర్చోనివ్వలేదు. చివరికి లేచి వెళ్ళి ప్రింటరు మూత ఎత్తాడు.

మూత కింద ఆయనకు కనిపించింది ఒక ఇనుప కడ్డీ. నున్నగా, మెరుస్తూ, ఈ కొస నుంచి ఆ కొసకు. సిరా పెట్టె దాని మీదే అటూ ఇటూ జరుగుతుంది. ఇటువంటి కడ్డీలకు జీవితమంతా నూనె పోసినవాడాయన. "చాలా రోజుల తర్వాత తెలిసినవాడు ఎదురుపడ్డట్టనిపించింది" అని తర్వాత మెట్ల మీద కూర్చుని నాతో చెప్పాడు. ఒక చుక్క వేశాడు. కడ్డీ పొడుగ్గా ఉంది కదా అని ఇంకాస్త వేశాడు. కడ్డీ వెనకాల పారదర్శకంగా ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంది. ప్యాకింగు కాగితం తీయడం మరిచిపోయారనుకుని, ఊడి వస్తుందేమోనని నూనె వేళ్ళతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూశాడు. రాలేదు. సరేనని వదిలేసి స్విచ్చి వేశాడు.

సిరా పెట్టె ఒక్క ఉదుటున వెళ్ళి పక్క గోడకు ధన్‌మని కొట్టుకుంది. అక్కడితో ఆగక గరగరమంటూ గోడను తోసుకుపోయే ప్రయత్నం చేసింది. ప్రింటరు మీది దీపాలన్నీ ఎర్రగా మిణుకుమిణుకుమన్నాయి. బాబాయి స్విచ్చి ఆపాడు. మూత వేశాడు. మూత మీద గుడ్డ కప్పాడు. వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

పిన్ని వచ్చి స్విచ్చి వేసినప్పుడు నేను మేడ మీద ఉన్నాను. కింద ఎవరో బీరువా పడేశారనుకుని పరుగున దిగాను. పిన్ని మూత ఎత్తి నిలబడి ఉంది. గదంతా మిషను నూనె వాసన. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడకు తెలిసిన వాసన అది. ఒకసారి వరండా వైపు చూసింది. అక్కడ కుర్చీ కూడా కదలలేదు.

ఆవిడ ప్రింటరుతో వచ్చిన పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఎర్రపెన్ను చేతిలోకి తీసుకుంది. నేను పక్కనే నిలబడ్డాను. ఒక పేజీ తిప్పింది, రెండో పేజీ తిప్పింది. మూడో పేజీ దగ్గర పెన్ను దిగింది.

"చప్పుడు గురించి ఏమైనా ఉందా పిన్నీ?" అన్నాను.

"'శుభ్రము చెయునప్పుడు' అట. దీర్ఘం ఎగిరిపోయింది."

"మరి పరిష్కారం?"

"వాక్యమే పూర్తవలేదు, పరిష్కారం ఎక్కడి నుంచి వస్తుంది?" అని ఇంకో గీత గీసింది.

నాకు తెలిసిన మెకానిక్కు ఒకడుంటే ఫోను చేశాను. భోజనాల వేళ దాటాక వచ్చాడు. లావుపాటి మనిషి. మూత ఎత్తగానే ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరండీ దీనికి నూనె పోసింది?"

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతోంది గానీ అదీ చప్పుడు చేయలేదు. దానికీ బాబాయే నూనె పోశాడు. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

"నేనే" అంది పిన్ని. "ఇంట్లో ఉంది కదా అని పోశాను."

మెకానిక్కు చేతిలో పని వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఇదేమైనా కుట్టుమిషనా? ఈ పట్టీ చూశారా? దీని మీద కంటికి ఆనని సన్న గీతలుంటాయి. సిరా పెట్టె పరిగెత్తేటప్పుడు ఆ గీతలు చూసుకునే తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. మీరు నూనె పూసేసరికి గీతలు కనపడక, ఎక్కడ ఆగాలో తెలియక, పోయి గోడకు గుద్దుకుంటోంది. కళ్ళకు గంతలు కట్టి పరిగెత్తమంటే ఏం చేస్తుందమ్మా?"

"తప్పే" అంది పిన్ని.

"తప్పని ఇప్పుడంటే ఎలా?" అని అతను బాబాయి వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరైనా చెప్పొద్దా సార్? చూస్తూ ఎలా ఊరుకున్నారు?"

బాబాయి వరండా కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "నేను వరండాలో ఉన్నాను" అన్నాడు. అది నిజమే.

మెకానిక్కు తడిగుడ్డతో పట్టీని కొస నుంచి కొసకు మెల్లగా తుడిచాడు. కడ్డీ మీద ఎక్కువైన నూనెను పొడిగుడ్డతో లాగేశాడు. స్విచ్చి వేస్తే ధన్‌మనడం ఆగింది. సిరా పెట్టె బుద్ధిగా వెళ్ళి బుద్ధిగా తిరిగొచ్చింది. కానీ కాగితం పెట్టేసరికి మళ్ళీ టక్, టక్, కిర్ర్.

"ఇది నూనె రోగం కాదు. ఇంకోటేదో ఉంది" అని అతను సిరా పెట్టెలోని డబ్బీలు తీసి పక్కన పెట్టి, ప్రింటరును బోర్లించి, పొలమారిన పిల్లకు వీపు తట్టినట్టు తట్టాడు. కాగితాలు దూర్చే సందులోంచి ఒక జెమ్ క్లిప్పు జారి బల్ల మీద పడింది.

"ఇది ఎవరిదండీ?"

పిన్ని ఆ క్లిప్పునే చూస్తోంది. ప్రింటరు పక్కనే ఒక గిన్నె నిండా అలాంటివే ఉన్నాయి. కాగితాల కట్టలు విప్పి ప్రింటరు మీదే పెట్టి సర్దడం ఆవిడకు అలవాటు.

"నాది" అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

ఆయన జన్మలో కాగితానికి క్లిప్పు పెట్టిన మనిషి కాదు. ఏ కాగితమైనా నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుతాడు. ఆ సంగతి మెకానిక్కుకు తెలియదు కాబట్టి అడగలేదు. నాకు తెలుసు కాబట్టి నేనూ అడగలేదు.

మెకానిక్కు ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "ఇద్దరూ కలిసి బాగానే చూసుకుంటున్నారు దీన్ని" అన్నాడు.

సిరా డబ్బీలు తిరిగి బిగించి పరీక్షకు ఒక పేజీ తీశాడు. కరకరమంటూ కాగితం బయటికి వచ్చింది. బాబాయి మొదటిసారి గదిలోకి అడుగుపెట్టి చెవి వంచాడు.

"ఇంకా చప్పుడు వస్తోందే?"

"అది పనిచేస్తున్న చప్పుడు సార్. అది రాని రోజు నన్ను పిలవండి."

అతను వెళ్ళేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. మర్నాడు పొద్దున్నకల్లా ఇవ్వాల్సిన పేజీలు ఒక్కటీ దిద్దలేదు. పిన్ని మామూలుగా మూలప్రతితో పోలుస్తూ ఒకసారి, ఊరికే ఇంకోసారి చదువుతుంది. ఇవాళ అంత వ్యవధి లేదు. కాగితాలు ముందేసుకుని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తోంది. బాబాయి బల్ల అవతలి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అసలుది నేను చదువుతాను. నువ్వు చూసి దిద్దుకో."

"కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదవాలి."

"చదువుతాను."

"ఒత్తులు మింగకూడదు."

"మింగనే."

నూనె సంగతి వాళ్ళిద్దరూ ఆ రోజూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదట. పిన్నిని నేను అడిగాను. "ఆయనే పోశారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇంక మాట్లాడుకోవడానికి ఏముంది?" అంది. క్లిప్పు సంగతి ఆవిడ ఎత్తలేదు. బాబాయి మాత్రం మెట్ల మీద నాతో ఒకటే అన్నాడు. "మిల్లులో నా చేతి కింద ఒక్క మగ్గమూ చెడలేదురా. ఇది చూస్తే కడ్డీయే కదా, మరి పట్టీ ఎందుకు పెట్టినట్టు?" కొన్నాళ్ళు నూనెడబ్బా బయటికి రాలేదు. మా గేటు కిర్రుమంటే మేమే కొబ్బరినూనె రాసుకున్నాం.

చదవడం మాత్రం ఆ సాయంత్రమే మొదలైంది. మగ్గాల మధ్య అరిచి అరిచి పెద్దదైన గొంతు ఆయనది. మామూలుగా మాట్లాడినా వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, పిన్నికి అలవాటైపోయింది. ఆవేళ వచ్చింది జీర్ణక్రియ పాఠం. "చిన్నపేగు కామా పెద్దపేగు కామా కాలేయము ఫుల్‌స్టాప్!" అని కింది నుంచి ఒక్కొక్క అవయవమూ మా నేల గుండా పైకి వచ్చింది. పాఠం ముగిసేసరికి అన్నం ఎక్కడికి పోతుందో మా పిల్లలకు వరుస తప్పకుండా వచ్చేసింది.

పేజీలు వేళకు అందాయి. తప్పులు ఎప్పటికంటే తక్కువగా మిగిలాయని ఆఫీసువాళ్ళు అన్నారట. అప్పటి నుంచి బాబాయి రోజూ మధ్యాహ్నం ప్రింటరు పక్కన కూర్చుంటున్నాడు. వచ్చిన కాగితం వచ్చినట్టు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, మొదలుపెడుతున్నాడు. ఈ నెల త్రికోణమితి. మేము మధ్యాహ్నం పడుకోవడం మానేశాం.