ఇంటికాడ ఎవరున్నరు?

మా వియ్యంకుడు పోయిన నెలలో కాలం చేశారు. ఆ పొద్దున నేను నారాయణగూడలో మా కిరాయింటి ముందు పంపు కింద బకెట్ పెట్టి నిలబడి ఉన్నాను. అల్లుడు స్కూటరు మీద వచ్చాడు. దిగలేదు, ఇంజను కూడా ఆపలేదు. "మామా, నాన్న పోయిండు. కుర్చీలనే ఉన్నడు. నిద్రపట్టిందనుకున్నం" అన్నాడు. బకెట్ నిండి నీళ్ళు నా పాదాల మీదుగా పారుతున్నా నాకు పంపు కట్టెయ్యాలని తోచలేదు.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపిస్తూ, మళ్ళీ మడత పెడుతూ ముసలివాణ్ణయ్యాను. మాట్లాడమంటే పొద్దంతా మాట్లాడతాను, రాయడం అలవాటు లేదు. పోయినవారి గురించి రాస్తే ఏడుపు రావాలంటారు. నాకేమో కాగితం ముందు కూర్చుంటే సంతోషమే పొంగుకొస్తోంది. తప్పుగా అనుకోకండి. అట్లాంటి మనిషి నా బిడ్డకు మామగా దొరికాడు, నాకు బావగా దొరికాడు. ఈ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు అన్నం అరగదు.

ఆయనతో నా వియ్యమే పరేషాన్‌తో మొదలైంది. పెళ్ళి చిక్కడపల్లిలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో. ఎదురుకోళ్ళకు మేమంతా గేటు దగ్గర షర్బత్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. బ్యాండు వచ్చింది, పెళ్ళికొడుకు వచ్చాడు, వాళ్ళ చుట్టాలంతా వచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి లేడు. మా అన్న నా చెవి దగ్గరకొచ్చి, "ఏందిరా, వియ్యంకుడే రాలే? మర్యాదల ఏమన్న తక్కువ చేసినవా?" అన్నాడు. నా చేతిలో గ్లాసులో ఐసు కరిగిపోయింది, నా ప్రాణం కూడా దాంతోపాటే కరిగింది.

ముహూర్తానికి జరంత ముందు ఆయన ఆటో దిగి, రెండు చేతులూ జోడించుకుంటూ వచ్చారు.

"బావగారు, కోపం జెయ్యకున్రి. ఇల్లు ఖాళీగ ఇడిచిపెట్టి అందరం ఎట్ల వస్తం? ఇప్పుడు మా తమ్ముడు ఇంటికాడికి పోయిండు, నేను ఇటొచ్చిన."

"తాళం ఉంటది కద బావగారు" అన్నాను.

"తాళం గోల్‌పోస్ట్ అసొంటిది. నిలబడుతది గాని, ఆపదు."

నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక సర్కారు డిపార్ట్‌మెంటు టీములో ఫుట్‌బాల్ ఆడారు. బ్యాక్ ఆడేవారు, అంటే గోల్ ముందర కాపలా ఉండే స్థానం. మోకాలు చెడి ఆట మానేశారు కానీ ఆ స్థానం మాత్రం వదల్లేదు. వియ్యపురాలు ఆ పెళ్ళికి ముందే పోయారు. అందుకని ఇంట్లో అందరూ ఎటు బయలుదేరినా ఆయన మొదట అడిగే మాట ఒకటే. "ఇంటికాడ ఎవరున్నరు?" ఎవరూ లేకపోతే ఆయనే ఉండిపోయేవారు.

మా అల్లుడు కంప్యూటర్లు బాగుచేసే పని చేస్తాడు. పెళ్ళైన కొన్నాళ్ళకు ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చాడు. అందులో ఒక ఫుట్‌బాల్ ఆట ఉంది. నా దుకాణానికి సెలవు ఉన్న రోజు మధ్యాహ్నం బిడ్డను చూడాలని చిక్కడపల్లిలోనే ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గరికి రాగానే లోపల్నించి బావగారి అరుపు వినిపించింది.

"ఎనుకకు రమ్మని చెప్పు వానికి! ఎటు పోతున్నడు వాడు?"

మా అమ్మాయికి కోపం ముక్కు మీదుంటుంది, మామతో గొడవ పెట్టుకుందేమోనని చెప్పులు విప్పకుండానే లోపలికి ఉరికాను. చూస్తే ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. "నాన్నా, జర ఆగు, ఆట అయిపోవస్తున్నది" అంది నా బిడ్డ, తల తిప్పకుండానే.

ఆ ఆట సంగతి నాకు వాళ్ళే చెప్పారు. అందులో మనం ఆడం, ఆడిస్తాం. పదకొండు మందిని ఎంచుకోవాలి. ఎవరు వెనుక ఉండాలి, ఎవరు నడుమ, ఎవరు ముందు, ఎవరికి ఎంత దూరం పోయే స్వేచ్ఛ, అన్నీ ముందే చెప్పి పంపాలి. ఆట మొదలయ్యాక బంతి కనబడదు. ఇంగ్లీషు వాక్యాలు ఒకటి తర్వాత ఒకటి వస్తాయి, అంతే. బావగారికి ఇంగ్లీషు రాదు, చూపు కూడా మందగించింది. అమ్మాయి ఆ వాక్యాలను తెలుగులో చదివి చెబితే ఆయన కళ్ళు మూసుకుని రేడియోలో విన్నట్టు వినేవారు. ఆయన మోకాలు మాత్రం కుర్చీలో కదులుతూనే ఉండేది.

టీముకు మేనేజరు పేరు పెట్టమని ఆ ఆట మొదట్లోనే అడుగుతుందట. "నీ పేరే రాయి బిడ్డా. మీ నాయిన ఇంటిపేరు పెట్టి రాయి" అన్నారట. పెళ్ళితో మారిపోయిన మా ఇంటిపేరు, తెర మీద మేనేజరు అన్న మాట పక్కన మళ్ళీ కనబడింది. నాకు ఆ ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు కానీ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నాను. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళినట్టు లేదు నాకు, ఎవరో ఎత్తుకుని దింపినట్టుంది.

ఇక వాళ్ళిద్దరి ఆట తీరు చెప్పాలి. నా బిడ్డ అందరినీ ముందుకు తోలేది. నాలుగు గోల్స్ కొట్టేది, అయిదు తినేది.

"గోల్ కొట్టకుంటే గెలుస్తమా మామయ్యా?" అనేది.

"తింటే గెలుస్తమా మరి? ఇద్దరు బ్యాకులను రెండు దిక్కుల్నుంచి ఒక్కపాలే పైకి పంపినవు. ఇంట్ల ఇద్దరున్నరనుకో. ఒకరు కూరగాయలకు పోతే ఒకరు పొయ్యికాడ ఉండాలె. ఇద్దరు బజారుకు పోతే అన్నం ఏమైతది?"

"మాడుతది" అన్నాను నేను, మధ్యలో.

"సూడు, చీరల దుకాణం ఆయనకు సుత సమజైంది."

అప్పట్నుంచి కుడివైపు బ్యాక్ పైకి పోతే ఎడమవైపు వాడు ఆగేవాడు. నడుమ నలుగురిలో ఒకణ్ణి ఎప్పుడూ ముందుకు పోవద్దని చెప్పి పెట్టారు. వాడికి బావగారు పెట్టిన పేరు 'నడిమింటోడు'. ముందు గదిలో ఏమైనా, వెనుక గదిలో ఏమైనా వాడికి వినబడాలట. రెండు గోల్స్ ఆధిక్యం వచ్చాక కూడా మా అమ్మాయి ముందువాళ్ళను మార్చదు, ఇంకొకటి కావాలంటుంది. "ఆకలి తీరినంక ఇంకో ముద్ద తింటే రుచుండదు బిడ్డా" అని ఆయన అనేవారు. వినేది కాదు, గోల్ తినేది. ఓడిన ప్రతిసారీ ఆట మొదలుకాక ముందు దాచిపెట్టిన చోటికి పోయి మళ్ళీ ఆడతానని పేచీ. ఆ కంప్యూటర్లో అట్లా కూడా చెయ్యొచ్చట. ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఓడింది ఉండనియ్యి. అది సుత మనం ఆడిందే."

ఇదంతా నవ్వులాట అనుకున్నాను. కాదని ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మాయి పెళ్ళికి ముందు నుంచీ సర్కారు ఉద్యోగం కావాలని పట్టుదలగా ఉండేది. పెళ్ళయ్యాక అశోక్ నగర్‌లో కోచింగ్‌కు పోయి ఒకసారి పరీక్ష రాసింది. అక్కడ కూడా ఆమెది ముందుకు ఉరికే ఆటే. ఎవరు ఏ కొత్త పుస్తకం చెబితే అది కొనడం, చదివింది మళ్ళీ తిరగెయ్యకపోవడం. పరీక్ష పోయింది. ఆ తర్వాత పాప పుట్టింది. ఆ పరీక్ష దెబ్బకు నా బిడ్డ మారిపోయింది. పుస్తకాలు మంచం కిందకు పోయాయి. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చిందని అల్లుడు చెబితే, "నాతోని కాదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గట్టిగా అడుగుదామంటే నాకు ధైర్యం చాలలేదు. ఆడపిల్ల ముఖంలో వెలుగు పోతే తండ్రికి ఇల్లంతా చీకటిగా ఉంటుంది. ఆ రోజుల్లో నేను దుకాణంలో ఎర్ర చీర అడిగినవాళ్ళకు పచ్చ చీర చూపించాను.

ఆ వారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. ఇద్దరూ కంప్యూటరు ముందే ఉన్నారు, పాప ఆయన ఒళ్ళో నిద్రపోతోంది. అరుపుల్లేవు. అమ్మాయి ఆ వాక్యాలను మెల్లగా చదివి చెబుతోంది. సున్నా సున్నా. తర్వాతి ఆట సున్నా ఒకటి. ఆయన కళ్ళు తెరిచారు.

"ఏంది బిడ్డా, అందరిని లోపట్నే కూసోబెట్టినవ్?"

"మీరే కద మామయ్యా, గోల్ తినొద్దన్నది."

"తినొద్దన్న. ఆకలితోని సావమన్ననా? అందరు గడప లోపటుంటే అది ఇల్లు గాదు, జైలు. ఎనుక మనిషిని పెట్టుడు ఎందుకు? ముందటోడు బేఫికర్‌గ, భయం లేకుండ పోవాలె, అందుకు."

ఆమె తల దించుకుంది. ఆయనే మళ్ళీ అన్నారు.

"పరీక్షకు ఎందుకు వద్దంటున్నవ్?"

"పాపను ఎవరు చూస్తరు? పొద్దంత కోచింగ్, ఇంటికొచ్చి చదువుడు. మళ్ళ పోతే?"

"పోతే పోయింది, ఉండనియ్యి. కానీ ఇంటికాడ ఎవరున్నరో అడుగు."

నా బిడ్డ తలెత్తి చూసింది.

"అడుగు బిడ్డా."

"ఇంటికాడ ఎవరున్నరు మామయ్యా?"

"నేనున్న."

అంతే అన్నారు. నా బిడ్డ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను, అందులో ఏ నెల ఉందో ఇప్పటికీ చెప్పలేను.

కొంచెం తేరుకున్నాక అమ్మాయి అడిగింది. "మీకెప్పుడు ముందుకు పోయి గోల్ కొట్టాలని అనిపించలేదా?"

"ఎందుకు అనిపియ్యదు? నా జిందగీల ఒక్కటి కొట్టలే. ఒకసారి మేము గెలిస్తే, కొట్టినోని మెడల దండ ఏసిన్రు. వాడు అది ఏసుకోని మొదలు ఎవరి దిక్కు సూసిండో తెలుసా? నా దిక్కు. గా సూపు సాలు బిడ్డా నాకు."

మర్నాటి నుంచి ఆమె అశోక్ నగర్‌కు పోయింది. ఈసారి చదువు తీరే వేరు. పొద్దున కొత్త పాఠం, సాయంత్రం పాతది తిరగెయ్యడం. "కుడి బ్యాక్ పోయిండు, ఎడమ బ్యాక్ ఉన్నడు" అని తనలో తను నవ్వుకునేది. ఆయన పాపకు అన్నం కలిపి తినిపించేవారు, జోల పాడేవారు, గొంతు మాత్రం దేవుడివ్వలేదు. మొదట్లో అమ్మాయి గల్లీ మూల దగ్గర ఆగి వెనక్కి చూసేది. ఆయన గేటులో నిలబడి చెయ్యెత్తి కసిరేవారు. "ముందటికి పోయెటోళ్ళు ఎనుకకు సూడొద్దు. సూసుడు ఎనుకున్నోళ్ళ పని."

ఈ ఏడు మా అమ్మాయికి బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఫలితం తెలిసిన రోజు నేను నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా తెలిసినవాడికీ తెలియనివాడికీ మిఠాయి పెట్టుకుంటూ నడిచాను. బావగారిని పట్టుకుని ఊపేశాను. ఆయన మాత్రం, "పైలం బావ, పాప నిద్రపోతున్నది" అన్నారు. 'గారు' పోయి 'బావ' అయింది ఆ రోజే.

ఆయన్ను తీసుకుపోయేటప్పుడు గల్లీ నిండా జనం. మా దిక్కు ఆడవాళ్ళు కూడా పాడె వెంట నడుస్తారు, నా బిడ్డ కూడా బయలుదేరింది. లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు శ్మశానానికి పోవాలి. డప్పు మొదలైంది, నాలుగడుగులు వేశాను. వెనక్కి చూస్తే ఇల్లు తెరిచి ఉంది, లోపల దీపం పక్కన పాప ఒక్కతే కూర్చుని ఉంది. ఎవరికి వారు ఇంకొకరున్నారనుకున్నారు. నేను వెనక్కి తిరిగాను. జనంలో ఎవరో అన్నారు, "ఏంది, వియ్యంకుడు వస్తలేడు?" మా అల్లుడు నిప్పుకుండ చేతిలో పట్టుకుని, తల తిప్పకుండా చెప్పాడు. "మామ ఇంటికాడ ఉన్నడు."

కర్మలన్నీ అయ్యాయి. నేనిప్పుడు దుకాణం పని మానేశాను. పొద్దున్నే నడిచి చిక్కడపల్లి వస్తాను, ఆయన కుర్చీని గేటు దగ్గర వేసుకుంటాను. నా బిడ్డ మళ్ళీ ఆఫీసుకు బయలుదేరిన మొదటి రోజు, సంచి భుజాన వేసుకుని గల్లీలో నడిచింది. పాప నా మోకాలు పట్టుకుని నిలబడింది. మూల దగ్గర అమ్మాయి అడుగు ఆగింది. నేను ఆయనలాగే చెయ్యెత్తాను, పాప కూడా తన చెయ్యి ఎత్తింది. మా ఇద్దరి చేతులూ ఆమె చూడలేదు. కొంగు సర్దుకుని, వెనక్కి తిరగకుండా మూల దాటి వెళ్ళిపోయింది.