కడుపులోని కావలివాళ్లను కాపాడిన డాక్టరమ్మ

మా జమ్మికుంట పిల్లల డాక్టరమ్మ మొన్న తెల్లవారుజామున కన్నుమూసింది. మా దుకాణం పక్కాయన చెబితే నమ్మలేదు. ఊళ్లో ఉత్తుత్తి వార్తలు పుట్టించి నవ్వించే పని నాది కదా, నా మీదే ఎవడో ప్రయోగిస్తున్నాడనుకున్నాను.

మనుమరాలి వల్ల ఆమె పరిచయం. అల్లుడు దుబాయిలో ఉంటాడు. వీడియోకాల్ చేసినప్పుడల్లా "పోరిని కింద దింపకుండ్రి, క్రిములంటుకుంటయి" అని హుకుం. అతను పంపిన తడి వైప్స్‌తో పాప తల్లి, అంటే మా బిడ్డ, రోజంతా పాప చేతులు తుడిచేది. అయినా ఏడాది నిండకముందే పాపకు ఎప్పుడూ జలుబు, విరేచనాలే. ప్రతిసారీ ఖాళీ యాంటీబయాటిక్ సీసా మెడికల్ షాపుకు పట్టుకుపోయి అలాంటిదే ఇంకోటి తెచ్చి పోసేవాళ్లం. పాప ఎండిపోయింది. దక్కుతుందా అని ఇంట్లో అందరికీ దిగులు.

చివరికి పాపను ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె నా చేతిలోని సీసాను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నువ్వేం పని జేస్తవయ్యా?"

"పురుగుమందుల దుకాణంల గుమాస్తనమ్మా."

"అనుకున్న. ఆడ పత్తి పురుగులను చంపుతవ్, ఈడ మనుమరాలి కడుపుల మంచి క్రిములను చంపుతున్నవ్. తిన్నది అరిగించేటియి, రోగాన్ని ఆపేటియి అవ్వే. జలుబు జేసినప్పుడల్లా గీ మందు పోస్తే దొంగలతోని కావలోళ్లు సుత పోతరు. నిజంగ అక్కెరపడ్డనాడు నేనే రాస్త."

"ఎంతమంది ఉంటరమ్మా? మా వార్డు ఓటర్లంత?"

"దేశంల ఓటర్లకన్న ఎక్కువ. ఒక్కరు సుత నీ లెక్క మాటలతోని పొద్దు పుచ్చరు."

తల్లిపాలు మాన్పించొద్దంది. పెరుగన్నం పెట్టమంది. పెరటి మట్టిలో ఆడనిచ్చి, తినేముందు సబ్బుతో చేతులు కడగమంది.

"మట్టి అంత మంచిదైతె మా దుకాణం ముందటనే కూసోబెడత," అన్నాను.

ఆమె నవ్వలేదు. "గా విషపు దుమ్ము వేరు, ఇంటెనుక మట్టి వేరు. దుకాణం బట్టలతోని పోరిని ఎత్తుకోకు. తానం జేసినంకనే ముట్టు."

అప్పటి నుంచి ఇంటికి రాగానే నాకు స్నానమే మొదటి పని. నెలలు గడిచేకొద్దీ పాపకు బుగ్గలొచ్చాయి.

పిల్లలు భయపడితే ముందు తాతల పొట్టకు స్టెతస్కోప్ పెట్టేది. నా పొట్ట విని, "ఈయన కడుపుల మొత్తం అబద్ధాలే ఉన్నయి," అని పాపకు చెప్పింది. ఊరుకుంటానా! మళ్లీ వెళ్లినప్పుడు టానిక్ సీసాలో మజ్జిగ నింపి, "కొత్త కంపెనీ మందమ్మా," అని బల్ల మీద పెట్టాను. మూత తీసి వాసన చూసింది, గుటకేసింది. "మందు మంచిగనే ఉన్నది. జర ఉప్పు తక్కువైంది," అని తర్వాతి పేషెంటును పిలిచింది.

ఆఖరిచూపుకు మనుమరాలిని కూడా తీసుకుపోయాం. జనం వరుసలో నిలబడి ఉంటే, పాప వాకిట్లోని పూలకుండీ మట్టిలో రెండు చేతులూ పెట్టింది. మా బిడ్డ చప్పున లేచింది. ఏమనుకుందో, మళ్లీ కూర్చుంది. పాప ఆ చేతులతోనే వచ్చి తల్లి మెడను చుట్టేసింది. తెల్ల చున్నీ మీద చిన్న చిన్న వేళ్లు మట్టిరంగులో అచ్చుపడ్డాయి. డాక్టరమ్మను తీసుకుపోయేదాకా మా బిడ్డ వాటిని దులపలేదు.