ముప్పై ఏడు ఇసుకదొందులు

మొన్న ఆదివారం నిడదవోలులో బాబాయి ఇంట కంచం ముందు కూర్చోగానే, పచ్చిమామిడి ముక్కలు వేసి కాచిన చేపల పులుసు వాసన నన్ను నలభై మూడేళ్లు వెనక్కి తోసింది. గిన్నెలో ఉన్నది చెరువులో పెంచిన చేప. బాబాయి ఒక ముక్క నోట పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఇదేం చేపే? ఇసుకదొందుల పులుసు తిని ఎన్నాళ్లయిందో! ఎవడో మన కాలవని నాశనం చేసేశాడే."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

ఇసుకదొందు అందమైన చేప కాదు. జానెడు పొడవు, మచ్చలతో బురదరంగు ఒళ్లు, పైకి తెరుచుకున్న వెడల్పాటి నోరు. ఈదడానికి బద్ధకించినట్టు కాలువ అడుగున ఇసుక కప్పుకుని, రెండు కళ్లు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. ఏటా ఎండాకాలం పైనుంచి నీళ్లు ఆపి కాలువ కట్టేశాక, నీరు మోకాలి లోతుకు, ఆపైన చీలమండల లోతుకు దిగి, ఎండిన నాచు వాసనా కుళ్లిన తూడు వాసనా కలిసి మా వీధంతా కమ్ముకునే రోజుల్లో, నాయనమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుని వలా గాలమూ లేకుండా ఉత్త పాదాలతోనే వాటిని పట్టేది. అరికాలి కింద ఇసుక కదిలిందంటే చాలు, ఆగిపోయి, వంగి, వేళ్లసందున మొప్పలు పట్టి తీసేది. "తొక్కేయకే, అదిమి పట్టు. గుడ్డు మీద కాలేసినట్టుండాలి" అని నా చేత అడుగులు వేయించేది. ఇంటికి తెచ్చి బూడిద చల్లి, గరుకు రాతిమీద పొలుసు పోయేదాకా రుద్ది, మట్టిదాకలో పులుసు కాచి, తెల్లవారేదాకా ఎవరినీ మూత తియ్యనిచ్చేది కాదు.

కాలువ నీటిని ఆపే లాకుల కిందనున్న మడుగులో మాత్రం ఆమె కాలు పెట్టేది కాదు. మా వీధిలో ఎవరూ పెట్టేవారు కాదు. "అది విత్తనమే. కాలవ వదిలాక మళ్లీ నిండేది అందులోంచే" అనేది. నేను గట్టున బోర్లా పడుకుని, తేటబడిన నీటి అడుగున కళ్లు లెక్కపెట్టేదాన్ని. నాకు తొమ్మిదేళ్లు వచ్చిన వేసవిలో డెబ్బై నాలుగు కళ్లు తేలాయి. లెక్కల పుస్తకం వెనక అట్టమీద రాసుకున్నాను. అంతటితో ఊరుకోక, అన్నాల దగ్గర బాబాయి ముందు గొప్పగా చెప్పాను: లాకుల కింద ముప్పై ఏడు ఇసుకదొందులున్నాయని.

మర్నాడు పొద్దున్నే అతడు చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా పట్టుకెళ్లి ఆ మడుగులో వంపేశాడు. నాయనమ్మా నేనూ వెళ్లేసరికి చేపలతోపాటు పీతలూ, రొయ్యపిల్లలూ, ఒక నీరుకట్టె పామూ తెల్లటి పొట్టలతో తేలి ఉన్నాయి. బాబాయి బుట్టలోకి ఏరుకుంటున్నాడు.

"ఇక్కడిన్ని ఉన్నాయని ఎవడ్రా చెప్పాడు నీకు?" అంది నాయనమ్మ.

"నీ మనవరాలేనే అమ్మా! ముప్పై ఏడంది, నలభై రెండొచ్చాయి. దీనికి లెక్కలు కూడా సరిగ్గా రావు" అని పగలబడి నవ్వాడు.

నాయనమ్మ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. బుట్ట లాక్కుని పెంటగోతిలో బోర్లించి, పైన మట్టి కప్పి, నా వైపు చూడకుండా ఇంట్లోకి పోయింది. మరుసటి వేసవి కాలువ కట్టేశాక తానొక్కతే వెళ్లింది. మధ్యాహ్నం దాకా అడుగంతా తడిమి, పాదాలు నాని తెల్లబడి, ఖాళీ బుట్టతో తిరిగొచ్చింది. ఆ తరువాత ఆమె బతికిన ఆరు వేసవులూ నన్ను కాలువకు రమ్మని పిలవలేదు.

"ఎవడో కాదు, నువ్వే బాబాయ్. నలభై రెండు" అన్నాను మొన్న.

అతడు వేళ్లు నాకుతూ, "ఆ పాత సంగతులెందుకే ఇప్పుడు? తిను, పులుసు చల్లారిపోద్ది" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేశాను. దారిలో లాకుల దగ్గర దిగాను. కాలువ కట్టేసే ఉంది. గట్లకు సిమెంటు పోశారు; మడుగులో సీసాలూ, పాత టైరూ, ఎవరిదో తెగిన చెప్పూ. నా చెప్పులు విడిచి, గుడ్డు మీద కాలేసినట్టే ఈ చివరినుంచి ఆ చివరకు నడిచాను. అరికాలి కింద ఏదీ కదలలేదు. ఇంటికొచ్చి, ఏటా రాసినట్టే ఈ ఏడూ డైరీలో రాసుకున్నాను: ఇసుకదొందులు, సున్నా. చంపింది బాబాయి. లెక్క చెప్పింది నేను.