కళ్ల ముందు రెండు వేళ్లు

తార్నాకలో బస్సెక్కినప్పటి నుంచి, ఒళ్లో నిద్రపోతున్న బాబు ముక్కు దగ్గర మాటిమాటికీ వేలు పెట్టి చూస్తున్నాను. పక్కసీటు ఆవిడ ఎందుకని అడిగింది. ఒకసారి ఫిట్స్ వచ్చి వాడు నీలంగా అయిపోయాడని, ఆ రోజు ఇంకా నా కళ్ల ముందే ఉందని చెప్పాను.

ఆవిడ నా ముఖం ముందు రెండు వేళ్లు అటూ ఇటూ ఆడించింది.

"దిష్టి తీస్తున్నారా?" అన్నాను.

"దిష్టి కాదమ్మా," అని నవ్వింది. "నాకు యాక్సిడెంట్ అయినంక, ఆ భయం పోనీకి డాక్టరమ్మ గిట్లనే చేసింది. అది యాది చేసుకుంట వేళ్ల వెంట కళ్లు తిప్పాలె."

"మర్చిపోయారా?"

"ఏడ మర్చిపోత? యాదికొస్తది, గంతే. మళ్ల జరిగినట్టు ఉండదు."

యూనివర్సిటీ క్యాంపస్ స్టాప్‌లో ఆవిడ దిగిపోయింది. ఆ డాక్టర్ ఎవరో నేను అడగలేదు. ఎందుకడగలేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాకూ తగ్గితే బాగుండుననే ఉంటుంది. కానీ ఈ భయం పోతే, వాణ్ని రాత్రంతా ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?